షబ్బాత్ తప్పిన రాత్రి తర్వాత ఏం చేయాలి

షబ్బాత్ అంటే యూదుల వారపు విశ్రాంతి రోజు, ఫోన్, లైటు ముట్టుకోకూడదు. దాన్ని పాటిస్తూ ఎనిమిది వారాలు బాగానే గడిచాయి. తొమ్మిదో శుక్రవారం రాత్రి పదకొండింటికి, పక్కమీద పడుకుని, టైమెంతయిందో చూద్దామని ఫోన్ తీశాను. టైము చూడడానికి ఒక సెకను చాలు, నేను నలభై నిమిషాలు చూశాను. అప్పుడైనా ఫోన్ పక్కన పెట్టి పడుకుని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ లోపల్నుంచి ఒక మాట వచ్చింది, మన భాషలో దానికి సామెత కూడా రెడీగా ఉంది: నిండా మునిగాక చలేమిటి. షబ్బాత్ ఎలాగూ పోయింది కదా అని లైటు వేశాను, టీ పెట్టుకున్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలని పొద్దున సినగాగ్‌కి, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి, వెళ్లలేదు. పై శుక్రవారం షబ్బాత్‌కి స్వాగతంగా వెలిగించే దీపాలు వెలిగించలేదు. మళ్లీ వెలిగించేసరికి నాలుగు నెలలు పట్టింది.

తప్పు నలభై నిమిషాలది. మిగిలిన నాలుగు నెలలూ ఆ సామెతవి. ఇక్కడ రాస్తున్నదంతా ఆ నాలుగు నెలల గురించే, వాటిని నాలుగు నిమిషాలకి ఎలా తగ్గించుకోవచ్చో చెప్పడానికి.

యూదు ఆచారాలు పాటిస్తూ తెలుగులో బాధపడేవాళ్లు ఎక్కువమంది ఉండరని తెలుసు. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సమాజం కుటుంబాలు మూడు దశాబ్దాలకి పైగా ఈ దారిలో ఉన్నాయి, నాలాంటివాళ్లు ఇంకొందరు అక్కడా ఇక్కడా. తక్కువమంది ఉన్నచోట ఒక చిక్కుంది, ఎవరు రాలేదో అందరికీ తెలిసిపోతుంది, అందుకని ఒకవారం రానివాడికి రెండోవారం రావడం ఇంకా కష్టం. మీరు యూదులు కాకపోయినా, ఏకాదశి ఉపవాసం మధ్యాహ్నం రెండింటికి ఒక బజ్జీతో తప్పిపోయి సాయంత్రం బిర్యానీ దాకా వెళ్లిన అనుభవం ఉంటే, మనం మాట్లాడుకునేది దీని గురించే.

ముందు చేతిలోది కింద పెట్టండి

ఆలోచనలన్నీ తర్వాత. శుక్రవారం రాత్రి ఫోన్ చేతిలో ఉండగా మీకు గుర్తొచ్చిందా, ఆ క్షణంలోనే కింద పెట్టేయండి. స్విచ్ ఆఫ్ చేసి పెడదాం అనుకోకండి, అది ఇంకో పని అవుతుంది, ఉన్నదున్నట్టు వదిలేయండి. చూస్తున్న వీడియో అయిపోయాక పెడదాం అని కూడా అనుకోకండి, వీడియోలు అయిపోవు.

షబ్బాత్ శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు మొదలై శనివారం రాత్రి మూడు నక్షత్రాలు కనిపించేదాకా, సుమారు 25 గంటలు. రాత్రి పదకొండున్నరకి మీరు తప్పు చేశారంటే ఇంకా దగ్గర దగ్గర ఇరవై గంటలు మిగిలే ఉన్నాయి. హలఖా, అంటే యూదుల ఆచార చట్టం, ఒకసారి తప్పినవాడికి మిగతా రోజు సెలవు ఇవ్వదు. తర్వాత వేసే లైటు వేరే తప్పు, వేయకుండా ఆగిన లైటు వేరే మంచి పని. ఉపవాస దినాల్లోనూ ఇంతే, మరిచిపోయి ఏదైనా నోట్లో వేసుకుంటే గుర్తొచ్చిన క్షణం నుంచి మళ్లీ ఉపవాసం కొనసాగించాలి, ఎలాగూ చెడింది కదా అని భోజనానికి కూర్చోకూడదు. చట్టం కఠినంగా ఉందని అందరూ అంటారు కానీ, ఈ ఒక్క విషయంలో ఆ కఠినమే మిమ్మల్ని కాపాడుతుంది: నిండా మునగడం అనేది దాని లెక్కలో లేదు.

తప్పిన పనికి దారి ఉందేమో వెతకండి

కుమిలిపోయే ముందు ఒకసారి సిద్దూర్, అంటే ప్రార్థన పుస్తకం, చివరి పేజీలు తిరగేయండి, లేదా తెలిసిన రబ్బీని, అంటే యూదు మతగురువుని, అడగండి. నేను ఏళ్లపాటు అడగలేదు. అడిగితే నా లోపం బయటపడుతుందని భయం. తీరా అడిగాక తెలిసిందేమిటంటే, మరిచిపోయేవాళ్ల కోసం వేల ఏళ్లుగా నియమాలు రాసుకుంటూ వచ్చారు.

పొద్దున ప్రార్థన మరిచిపోయారు, పనిలో పడ్డారు, మధ్యాహ్నం దాటింది. తర్వాతి ప్రార్థన వేళకి అమీదా, అంటే నిలబడి చెప్పే ముఖ్య ప్రార్థన, రెండుసార్లు చెప్పాలి, మొదటిది ఆ వేళది, రెండోది తప్పినదానికి బదులు. ఇది పొరపాటున మరిచినవాళ్లకే, కావాలని మానేసినవాళ్లకి కాదు, ఆ వెంటనే వచ్చే ప్రార్థనకే తప్ప వారం తర్వాత బకాయిలన్నీ ఒకేసారి తీర్చడానికీ కాదు. ఈ రెండో షరతు నాకు నచ్చుతుంది. పాత బాకీలన్నీ నెత్తిన పెట్టుకుని కూర్చోనివ్వదు.

పస్కా పండగ రెండో రాత్రి నుంచి 49 రాత్రులు, ఇవాళ ఎన్నో రోజో ఆశీర్వచనంతో పలుకుతూ లెక్కపెడతాం, దాన్ని ఓమెర్ లెక్క అంటారు. ఒక రాత్రి మరిచిపోతే మర్నాడు పగలు ఆశీర్వచనం లేకుండా లెక్కపెట్టి, ఆ రాత్రి నుంచి మామూలుగా కొనసాగించవచ్చు. పగలు కూడా మరిచిపోతే మిగతా రోజులన్నీ ఆశీర్వచనం లేకుండా లెక్కపెట్టాలి. గమనించండి, ఆశీర్వచనం పోతుంది కానీ లెక్క పోదు. ఇరవై మూడో రోజు మరిచిపోయినవాడు కూడా ఇరవై నాలుగు అనే అంటాడు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడు.

మా కింది అంతస్తులో ఉండే పెద్దావిడ శుక్రవారం వెలిగించే దీపాలు లెక్కపెడితే ఎప్పుడూ ఒకటి ఎక్కువ వచ్చేది. రెండు అందరూ వెలిగించేవి, ముగ్గురు పిల్లలకి మూడు, మరి ఆ ఆరోది ఎవరికని అడిగాను. పెళ్లయిన కొత్తలో ఒక శుక్రవారం దీపాలు మరిచిపోయిందట. అష్కెనాజీ, అంటే యూరప్ యూదుల, ఆచారంలో అలా మరిచిన స్త్రీ ఆ తర్వాత ప్రతివారం ఒక దీపం అదనంగా వెలిగించాలి, జీవితాంతం. ఇది శిక్ష కదా అన్నాను. ఆవిడ వత్తి సరిచేస్తూ, ఏమో, నాకైతే ఇప్పుడు ఆ ఆరోది లేకపోతే పళ్లెం బోసిగా ఉంటుంది అంది.

అన్నిటికంటే పెద్ద ఉదాహరణ సంఖ్యాకాండం తొమ్మిదో అధ్యాయంలో ఉంది. ఈజిప్టు నుంచి బయటికొచ్చిన మరుసటి ఏడు, ఎడారిలో పస్కా బలి చేసే రోజున, శవాన్ని ముట్టుకుని అపవిత్రులైన కొందరు మోషే దగ్గరికి వచ్చారు. నియమం ప్రకారం వాళ్లకి అవకాశం లేదు. వాళ్లు ఇంటికెళ్లి మా ఖర్మ అనుకోలేదు, మమ్మల్నెందుకు పక్కన పెట్టాలి అని అడిగారు. మోషేకి జవాబు తెలియలేదు, ఆగండి కనుక్కుంటాను అన్నాడు. అప్పుడు పుట్టింది రెండో పస్కా, నీసాన్ 14న కుదరనివాళ్లకి నెల తర్వాత ఇయ్యార్ 14న. అడిగినవాళ్ల వల్ల పండగ వచ్చింది. ఆ రోజుని ఇప్పటికీ పెసహ్ షేనీ అని గుర్తు చేసుకుంటారు, కొందరు ఒక ముక్క మత్సా తింటారు, అంటే పులియని రొట్టె.

నోటితో చెప్పండి, ఐదు నిమిషాల్లో ముగించండి

తెలుగులో దీనికి పశ్చాత్తాపం అంటాం. మాటని విప్పి చూస్తే వెనక నుంచి కాల్చే తాపం. హీబ్రూలో వాడేది తెషువా, తిరిగి రావడం. మొదటిదాంట్లో కాలడం ఉంది, రెండోదాంట్లో నడక ఉంది. పాపం అనడానికి వాడే హేత్ అనే మాట కూడా గురి తప్పడానికి దగ్గరది, న్యాయాధిపతుల గ్రంథంలో తలవెంట్రుక మీదికి వడిసెల విసిరినా గురి తప్పని ఎడమచేతి వాటం వీరుల దగ్గర అదే క్రియ వస్తుంది. గురి తప్పినవాడు చేయాల్సింది ఇంకో రాయి తీసుకోవడం.

ఎలా చేయాలో రంబం, అంటే 12వ శతాబ్దంలో ఈజిప్టులో వైద్యుడిగా బతికిన మైమోనిడీస్, సూటిగా రాసి పెట్టాడు. తప్పు పని ఆపాలి, ఆలోచనలోంచి తీసేయాలి, ఇక చేయనని మనసులో గట్టిగా అనుకోవాలి, చేసినదానికి బాధపడాలి. ఇవన్నీ లోపల జరిగేవి, వాటిని నోటితో పైకి చెప్పాలి. దాన్ని విదూయి అంటారు. ఇది చర్చిలో పాదిరి దగ్గర చేసే ఒప్పుకోలు లాంటిది కాదు, మధ్యలో మనిషి ఉండడు. దేవుడికీ మీకూ మధ్య జరిగిన తప్పుల్ని ఊరందరికీ చాటవద్దని కూడా రంబం అంటాడు, కాబట్టి నేనెంత పతనమయ్యానో చూడండి అని స్టేటస్ పెట్టాల్సిన అవసరం లేదు.

హీబ్రూ రాకపోతే తెలుగులో చెప్పండి. ప్రార్థన ఏ భాషలోనైనా చెప్పవచ్చని మిష్నాలోనే, అంటే యూదు పెద్దల పాత చట్ట సంకలనంలోనే, ఉంది. ఇలా: "దేవా, నేను తప్పు చేశాను. శుక్రవారం రాత్రి ఫోన్ తీశాను, ఆ తర్వాత కావాలనే లైటు వేశాను. బాధగా ఉంది, సిగ్గుగా ఉంది. మళ్లీ ఇది చేయను." జరిగిన పని పేరు పెట్టి చెప్పడం ముఖ్యం. నేను పాపిని, నేను నీచుణ్ణి అని సాగదీస్తే అందులో జరిగిన పని ఒక్కటీ ఉండదు. ఆ రాత్రి నేను చేసింది నీచత్వం కాదు, ఫోన్ తీయడం.

ఇక దీనికి టైము పెట్టుకోండి. నేను ఐదు నిమిషాలు పెట్టుకుంటాను. హసీదీ అనే యూదు భక్తి ఉద్యమంలో చబాద్ మార్గం మొదలుపెట్టిన, లియాది ఊరి రబ్బీ ష్నెయుర్ జల్మాన్ 1796లో అచ్చయిన తన పుస్తకంలో కుస్తీ పోలిక ఒకటి చెప్పాడు. గోదాలో ఇద్దరున్నారు, ఒకడికి బలం ఎక్కువే, కానీ ఒళ్లు బరువుగా, బద్ధకంగా కదులుతాడు, వాడు తనకంటే బక్కవాడి చేతిలో ఓడిపోతాడు. దిగులు మనిషిని అలా బరువెక్కిస్తుంది. అందుకే పాపాల గురించిన బాధ ప్రార్థన మధ్యలోనో పని మధ్యలోనో వచ్చి పడితే అది మంచి బాధ కాదు, దాన్ని పక్కకి నెట్టి, దానికంటూ వేరే సమయం పెట్టుకుని అప్పుడు కూర్చోమంటాడు. నాకు ఇది చాలా పనికొచ్చింది. బస్సులో దిగులు వస్తే, నీకు గురువారం రాత్రి తొమ్మిదింటికి అపాయింట్‌మెంట్ ఇచ్చాను కదా, అప్పుడు రా అంటాను. గురువారం రాత్రి తొమ్మిదింటికి అది చాలాసార్లు రానే రాదు.

మధ్యలో మనిషి ఉంటే ఆ దారి వేరు

మీరు తప్పు చేసింది మనిషి పట్ల అయితే పైన చెప్పినదేదీ సరిపోదు. యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినాన 25 గంటలు ఉపవాసం ఉన్నా సరే, అవతలి మనిషిని సమాధానపరిచేదాకా ఆ తప్పుకి క్షమాపణ లేదని మిష్నా ఖచ్చితంగా చెబుతుంది. డబ్బు తీసుకుంటే ముందు డబ్బు తిరిగివ్వాలి. మాట అంటే వెళ్లి అడగాలి, ఒప్పుకోకపోతే మళ్లీ వెళ్లాలి, మూడుసార్ల దాకా.

ఇక్కడ నిరాశ ఒక పెద్ద దొంగ. దేవుడి ముందు ఏడవడం, ఆడపడుచుకి ఫోన్ చేయడం కంటే తేలిక. నేను దేనికీ పనికిరాను అని రాత్రంతా దొర్లినవాడు పొద్దున్న ఇవ్వాల్సిన రెండువేలు ఇవ్వడు. పండగ ముందు వాట్సాప్‌లో అందరికీ ఒకేసారి వెళ్లే, తెలిసో తెలియకో ఏమైనా అని ఉంటే మన్నించండి అనే మెసేజ్ ఉంది చూడండి, అది నాకు అస్సలు నచ్చదు. తెలిసే అన్నారు. ఎవరిని అన్నారో కూడా తెలుసు. ఆ నంబరుకి కాల్ చేయండి.

మీ మీద మీరు తీర్పు రాసుకోకండి

పిర్కే అవోత్‌లో, అంటే మిష్నాలో పెద్దల నీతివాక్యాల భాగంలో, ఒక చిన్న మాట ఉంది, నీ దృష్టిలో నువ్వు దుష్టుడివి కావద్దు అని. చిన్నదే, పాటించడం మాత్రం షబ్బాత్ కంటే కష్టం. దీనికి తల్మూద్‌లో, అంటే మిష్నా మీద పెద్దల చర్చలన్నీ ఉన్న గ్రంథంలో, ఒక కథ ఉంది. ఎప్పుడు చదివినా నాకు అందులోని గుర్రమే కళ్ల ముందు కదులుతుంది.

ఎలీషా బెన్ అబూయా 2వ శతాబ్దపు మహాపండితుడు. ఏదో కారణంగా దారి వదిలేశాడు, ఎంతగా అంటే తల్మూద్ అతని పేరు పలకకుండా అహేర్, వేరేవాడు, అని రాస్తుంది. ఒక షబ్బాత్ రోజున గుర్రమెక్కి వెళుతున్నాడు. షబ్బాత్ నాడు గుర్రం ఎక్కకూడదు. అతని శిష్యుడు రబ్బీ మెయిర్ గురువుని వదల్లేక, పాఠం కోసం, గుర్రం వెనక నడుస్తున్నాడు. కొంత దూరం పోయాక గురువు ఆగి, "మెయిర్, నువ్విక వెనక్కి తిరుగు. గుర్రం అడుగులు లెక్కపెట్టాను, షబ్బాత్ హద్దు ఇక్కడితో సరి" అన్నాడు. షబ్బాత్ నాడు ఊరి పొలిమేర దాటి రెండువేల మూరలకి మించి నడవకూడదు. శిష్యుడు వెంటనే, "గురువుగారూ, మీరూ వెనక్కి తిరగండి" అన్నాడు. దానికి అహేర్ జవాబు: తెర వెనక నుంచి ఒక స్వరం విన్నాను, దారితప్పిన పిల్లలారా తిరిగి రండి అంది, అహేర్ తప్ప అంది.

ఒకసారి ఆ మనిషిని చూడండి. తను గుర్రం మీద ఉన్నాడు, తన షబ్బాత్ పోయిందని ఖాయం చేసుకున్నాడు. కానీ పాఠం చెబుతూనే, శిష్యుడి షబ్బాత్ పోకూడదని గుర్రం అడుగులు ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నాడు. ఇంత జాగ్రత్త ఉన్న మనిషిని ఎవరు దుష్టుడంటారు, తను తప్ప. ఆ స్వరం నిజంగానే వినిపించిందనుకున్నా, వినకుండా తిరిగి రావాల్సింది అని తర్వాతి గురువులు అన్నారు. తల్మూద్ కూడా అతన్ని బయట వదిలేయలేదు, అతను పోయాక శిష్యుడు రబ్బీ మెయిర్, ఆ తర్వాత తరాల్లో రబ్బీ యోహనాన్, అతన్ని పరలోకంలోకి చేర్చేదాకా ఊరుకోలేదని చెబుతుంది.

మీకూ అలాంటి స్వరం వినిపిస్తే, అందరికీ తలుపు తీసే ఉంది నీకు తప్ప అని, అది ఎక్కడ నుంచి వచ్చినా సరే, వినకండి. నా విషయంలో అది ఎక్కడ నుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. ఆ నాలుగు నెలలూ నేను చాలా వినయంగా, నాకు అర్హత లేదు అనుకుంటూ గడిపాను. నిజం చెప్పాలంటే, శుక్రవారం మధ్యాహ్నం వంట హడావిడి తప్పింది, శనివారం పొద్దున పదింటిదాకా నిద్ర దక్కింది.

ఒక్క మంచి పని వెతకండి, దాన్ని కాగితం మీద పెట్టండి

బ్రెస్లవ్ రబ్బీ నహ్‌మాన్ 1772లో పుట్టి, 38 ఏళ్లకే క్షయతో ఉమాన్‌లో పోయాడు. దిగులు ఆయనకి బయటివాళ్ల సమస్య కాదు, సొంతది. లోకంలో నిరాశ అనేదే లేదు అని ఆయన అన్నమాట ఇప్పుడు ఇజ్రాయెల్లో గోడల మీద కూడా కనిపిస్తుంది. కానీ ఉత్త నినాదంతో పని జరగదు, ఆయన చెప్పిన పద్ధతి తీసుకోండి.

మీలో ఒక మంచిని వెతకమంటాడు, ఒక్కటి. వెతకగానే ఏమవుతుందో కూడా ముందే చెప్పాడు: అది కూడా స్వార్థంతో చేసిందే కదా, పేరు కోసం చేసిందే కదా అని మనసు దాన్ని కొట్టేస్తుంది. అయినా అందులో ఎక్కడో ఒక చుక్కంత మంచి ఉండక తప్పదు, ఆ చుక్కని పట్టుకుని, తర్వాత ఇంకో చుక్క వెతకమంటాడు, పాటలో స్వరాలు ఏరుకున్నట్టు. నేను దీన్ని కిరాణా చీటీ వెనక రాస్తాను. ఒక చీటీ ఇంకా ఉంది, దాని మీద ఇలా ఉంది: "మంగళవారం, పంది కొవ్వు ఉందని అనుమానం వచ్చిన బిస్కట్ తినలేదు. ఆకలి లేదు, అది వేరే సంగతి. అయినా తినలేదు." అంతే, ఆ వారానికి నాకు దొరికిన చుక్క అది.

రోజూ కాసేపు ఒంటరిగా, సొంత భాషలో, దేవుడితో మామూలుగా మాట్లాడమని కూడా ఆయన చెప్పాడు. మాట రాకపోతే, నాకు మాట రావడం లేదు అన్నదే మాట్లాడమన్నాడు. నేను గిన్నెలు తోముతూ మాట్లాడతాను, పంపు శబ్దంలో ఎవరికీ వినపడదు.

పెద్దవాళ్లతో పోల్చుకుని కుంగిపోయే అలవాటుంటే ఇంకొకటి చెప్పాలి. బ్రూక్లిన్‌లో యెషివా, అంటే మత పాఠశాల, నడిపిన రబ్బీ యిత్స్‌హాక్ హుట్నర్ దగ్గరికి ఒక శిష్యుడి ఉత్తరం వచ్చింది, మళ్లీ మళ్లీ పడిపోతున్నాను అని. ఆయన జవాబు సారాంశం: మనం మహాత్ముల గురించి చివరి పేజీ నుంచి చెప్పుకుంటాం, వాళ్లు పుట్టడమే అలా పుట్టినట్టు. హఫెట్స్ హయిమ్ అనే మహాపండితుడి నోట చెడ్డమాట రాదని అందరూ అంటారు, ఆ నోటిని అదుపులో పెట్టుకోవడానికి ఆయన ఎన్ని యుద్ధాలు చేశాడో, ఎన్నిసార్లు పడ్డాడో ఎవరికి తెలుసు. మన తెలుగు బైబిల్లో సామెతలు 24:16, "నీతిమంతుడు ఏడుమారులు పడినను తిరిగి లేచును" అని ఉంది. ఆ "పడినను" దగ్గరే హుట్నర్ ఆగుతాడు. పడినా లేస్తాడు అని కాదు, పడడం వల్లే లేస్తాడు అని చదవమంటాడు.

రేపటికి చిన్నది పెట్టుకోండి, అడ్డం పెద్దది పెట్టుకోండి

తిరిగొచ్చేటప్పుడు అందరం చేసే పొరపాటు, రేపటి నుంచి మూడు పూటలా పూర్తి ప్రార్థన, రోజుకో గంట చదువు అని మొదలుపెట్టడం. మూడోరోజుకి అది కూలుతుంది, మళ్లీ ఆ సామెత వస్తుంది. రేపు పొద్దున కళ్లు తెరవగానే మోదే అనీ అనే చిన్న ప్రార్థన చెప్పండి, చాలు. హీబ్రూలో 12 మాటలు. చేతులు కడుక్కోకముందే, పక్కమీదే చెప్పవచ్చు, అందులో దేవుడి పేరు రాదు కాబట్టి. నీకు కృతజ్ఞతలు అని మొదలై, నా ప్రాణాన్ని తిరిగిచ్చావు అంటూ, నీ నమ్మకం గొప్పది అని ముగుస్తుంది. ఆ చివరి రెండు మాటల్ని, దేవుడు మన మీద పెట్టుకున్న నమ్మకం అని కూడా కొందరు చదువుతారు, నిన్న రాత్రి అంత చేసినవాడికి పొద్దున ప్రాణం తిరిగిచ్చాడంటే ఏదో నమ్మకం ఉన్నట్టే కదా అని.

చిన్నదంటే అది. ఇక అడ్డం. తోరాకి, అంటే ధర్మశాస్త్రానికి, కంచె వేయండి అని పెద్దలు అంటారు. నా కంచె బియ్యం డబ్బా. శుక్రవారం దీపాలకి పావుగంట ముందు ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి సోనా మసూరి బియ్యంలో మోచేతి లోతుకి దూర్చేస్తాను. షబ్బాత్ నాడు వంట ఉండదు, కాబట్టి ఆ డబ్బా ఎవరూ తెరవరు. రాత్రి పదకొండింటికి టైము చూడాలనిపిస్తే లేచి, వంటింట్లోకి వెళ్లి, చీకట్లో డబ్బా మూత తీసి, బియ్యంలో చెయ్యి పెట్టాలి. రెండుసార్లు వంటింటి దాకా వెళ్లాను. మూత చప్పుడుకి సిగ్గేసి వెనక్కి వచ్చాను. అదే సందర్భం మళ్లీ వచ్చి, చేయగలిగి కూడా చేయకపోతే అది పూర్తి తెషువా అని రంబం అంటాడు. ఆ సందర్భం కోసం ఫోన్‌ని తలగడ పక్కనే పెట్టుకుని పరీక్ష రాయొద్దు, అది దానంతట అదే వస్తుంది.

మళ్లీ పడితే? పడతారు. యోమ్ కిప్పూర్ చివర్లో నెయిలా ప్రార్థన ముగుస్తుంది, షోఫార్ అనే పొట్టేలు కొమ్ము ఊదుతారు, రోజంతా గుండె మీద చెయ్యేసి కొట్టుకున్న జనం తెల్లబట్టల్లో వేలాడిపోతూ ఉంటారు. వెంటనే మామూలు రోజు రాత్రి ప్రార్థన మొదలవుతుంది, దాంట్లో ఆరో ఆశీర్వచనం: మమ్మల్ని క్షమించు, మేం తప్పు చేశాం. ఇప్పుడే కదా అంతా అయింది, ఈ నిమిషంలో ఏం తప్పు చేశామని ప్రతి ఏడూ ఎవరో ఒకరు జోకు వేస్తారు. ఎవరూ ఆ లైను దాటేయరు. రోజుకి మూడుసార్లు చెప్పే మాట అది. ఎలాగూ క్షమిస్తాడు కదా అని ముందే లెక్కవేసుకుని తప్పు చేసేవాడికి మాత్రం దారి మూసుకుపోతుందని మిష్నా హెచ్చరిస్తుంది, మీరు ఆ రకమో కాదో మీకే తెలుస్తుంది. ఆ రకం వాళ్లు రాత్రి నిద్రపట్టక ఇలాంటివి చదవరు.

ఇది దిగులు కాకపోతే

షెమా, అంటే రోజూ చెప్పే విశ్వాస ప్రకటన, సరిగ్గా పలకలేదేమో అని పదిసార్లు, ఇరవైసార్లు మళ్లీ చెబుతున్నారా, పాలూ మాంసం కలవకూడదు కదా, పాలగిన్నె మాంసం గిన్నెకి తగిలిందేమో అని రాత్రి లేచి చూస్తున్నారా, రబ్బీ సరేనన్నా మనసు ఒప్పుకోవడం లేదా? అప్పుడు మీకు కావాల్సింది ఎక్కువ భక్తి కాదు, డాక్టరు. వారాల తరబడి తిండి, నిద్ర పోయినా అంతే. అనుభవం ఉన్న రబ్బీలే డాక్టరు దగ్గరికి పంపిస్తారు.

చనిపోవాలనిపిస్తే ఎవరికైనా ఫోన్ చేయండి, ఇంట్లోవాళ్లకి, స్నేహితులకి. ఇజ్రాయెల్లో ఎరాన్ హెల్ప్‌లైన్ 1201, ఇండియాలో టెలి-మానస్ 14416, అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. షబ్బాత్ అయినా సరే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు షబ్బాత్ పక్కకి జరుగుతుంది, ఫోన్ చేయడం అనుమతి కూడా కాదు, ఆజ్ఞ. బియ్యం డబ్బా తీసి, చెయ్యి పెట్టి, ఫోన్ బయటికి లాగండి.

మిగతావాళ్లకి ఒకటి. పోయిన శనివారం రాత్రి సిగ్గుతో హవ్దాలా, అంటే షబ్బాత్‌ని సాగనంపే ప్రార్థన, కూడా చెప్పలేదనుకోండి, ఇది చదివేసరికి మంగళవారం సూర్యాస్తమయం కాకపోతే ఇంకా చెప్పుకోవచ్చు. కొవ్వొత్తి, సుగంధద్రవ్యాలు వెతుక్కోవద్దు, అవి శనివారం రాత్రికే. కోషెర్, అంటే ఆచారం ఒప్పుకునే, ద్రాక్షరసం ఒక గ్లాసు ఉంటే చాలు, ద్రాక్షరసం ఆశీర్వచనం ఒకటి, వేరుచేసే ఆశీర్వచనం ఒకటి, రెండే.